కడిగిన బండ

డాక్టరమ్మ పోయిందని నాకు మనుషులెవరూ చెప్పలేదు. గుడియాత్తం బస్టాండు పక్కనున్న గోడ చెప్పింది. వేరుశనగ విత్తనాలకు పోయి తిరిగి వస్తుంటే ఆ గోడ మీద బంక తడి ఆరని కాగితం కనిపించింది. మా వైపు ఎవరు పోయినా ‘కన్నీరంజలి’ అని పెద్ద కాగితం అచ్చు వేయించి ఊరంతా అంటిస్తారు. పోయినవాళ్ళ బొమ్మ ఒకటి ఉంటుంది, అచ్చు వేయించినవాళ్ళ బొమ్మలు దానికంటే పెద్దగా ఉంటాయి. ఈ కాగితంలో మా చేపల గుత్తేదారు తెల్లచొక్కా తొడుక్కుని, చేతులు జోడించి నిలువెత్తున నిలబడి ఉన్నాడు. చూడగానే ఆయనే పోయాడనుకున్నాను. పెద్దగా బాధ కలగలేదు. ఆయన మోచేతి దగ్గర ఒక మూలగా ఇంకొక చిన్న బొమ్మ ఉంది. ముందు కళ్ళజోడు గుర్తుపట్టాను. తర్వాత మనిషిని గుర్తుపట్టాను.

ఆ గోడ ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. దహనం ఎప్పుడో అయిపోయింది. అది దినాలకు రమ్మని వేసిన కాగితం.

నాకు చదువు తక్కువ. బడిలో చదివింది కొంచెమే, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పంచాంగం చూసి పట్టుకున్నాను. ఇందులో తప్పులుంటే మీరే దిద్దుకోండి, నేను దిద్దను. ఆమె గురించి ఆ గుత్తేదారు చెప్పిందే మిగిలిపోతుందేమో అని రాస్తున్నాను.

ఆమె మా పక్క పశువుల డాక్టరు. వయసులో ఉన్నప్పుడు మా ఊరికి వచ్చి, అడ్డం తిరిగిన దూడలను మోచేతిదాకా చెయ్యి పెట్టి తిప్పి తీసింది. మా కొట్టంలోనే అట్లా పుట్టినవి ఉన్నాయి. ఉద్యోగం అయిపోయి పింఛను వచ్చాక అందరూ కొడుకుల ఇళ్ళలో టీవీ ముందు కూర్చుంటారు. ఈమె వేలూరు నుంచి బస్సెక్కి మా ఏటికి వచ్చింది.

మా చేను ఏటి ఒడ్డున ఉంది. చేను దాటగానే మడుగు. నడివేసవిలో కూడా ఎండదు. మడుగు నడుమకు చొచ్చుకుపోయిన ఒక పెద్ద బండ ఉంది. దాని మీదికి నీరునాయిలు వచ్చేవి. పుస్తకాల్లో నీటికుక్క అంటారట. చేపలు తింటాయి, నీళ్ళలోనే పుట్టాయా అన్నట్టు ఈదుతాయి, మనిషి అలికిడి వింటే మునిగిపోతాయి. వాటికొక పద్ధతి ఉంది. ఎక్కడ పడితే అక్కడ కూర్చోవు. అన్నీ ఆ ఒక్క బండ మీదికే వచ్చి పెంట వేసి పోతాయి. ఆ పద్ధతి మా ఊళ్ళో కొంతమందికి ఇప్పటికీ రాలేదు.

ఒక ఉదయం మడక కట్టిన ఎద్దులను తోలుకుని పోతుంటే బండ మీద ఎవరో గొంతుకూర్చుని కనిపించారు. దగ్గరికి పోతే డాక్టరమ్మ.

“ఏమమ్మా, ఆడ యాల కూర్చున్నావు? ఏమన్నా పారేసుకున్నావా?”

“లేదన్నా. నీరునాయి పెంట ఏరతా ఉండా.”

“ఎరువుకా?”

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి గట్టిగా నవ్వింది. “ఎరువుకైతే నీ కొట్టానికే వస్తును కదా. దీని కడుపులో ఏముండాదో చూసేదానికి.”

“దాని కడుపులో చేప ఉంటాది. ఇది తెలిసేదానికి అంత చదవల్నా?”

“ఆ చేప కడుపులో ఏముండాదో చెప్పు, చూస్తాం.”

నా నోరు మూయించినవాళ్ళు ఈ జిల్లాలో తక్కువ.

ఆమె దగ్గర కొయ్య గరిటెలు, మూతలున్న చిన్న చిన్న డబ్బాలు, మంచుగడ్డలు పోసిన ఒక పెట్టె ఉండేవి. తడి ఆరని పెంటను మాత్రమే ఎత్తుకునేది. వేలూరులో తనకు తెలిసినవాళ్ళ పరీక్షల గదిలో, పెద్దది చేసి చూపే అద్దం కింద పెట్టి చూసేది. పెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయేది. ఒకసారి నేనూ అదే బస్సులో ఉన్నాను. కండక్టరు పెట్టె మీద చెయ్యి వేసి, “ఏందమ్మా, ఐస్‌క్రీమా?” అన్నాడు.

“అవునప్పా. మూత తీస్తా, తింటావా?” అంది. లత్తేరి దాటేదాకా నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

పని అయ్యాక మా మోటారు దగ్గర సబ్బు పెట్టి మోచేతులదాకా కడుక్కునేది. కడిగిందే మళ్ళీ కడిగేది. మా ఇంటామె కాఫీ పట్టుకుని పోతే, “నాకు వేరే గ్లాసు పెట్టమ్మా. దాన్ని ఇంట్లోకి తీసకపోవద్దు, ఈడనే ఉండనీ” అంది. మా ఇంటామెకు కోపం వచ్చింది.

“మా ఇంట్లో ఎవురికీ వేరే గ్లాసు పెట్టే అలవాటు లేదు. మమ్మల్ని ఏమనుకున్నావు?”

“అట్ల కాదమ్మా. నా చేతులకు ఏమంటుకొని ఉండాదో నాకే తెలీదు. నీ మనవరాండ్లు తిరిగే ఇల్లు.”

“నీ చేతులతో మా ఆవును బతికించినావు. ఆ చేతులకు ఏమంటుకుంటాది?”

చివరికి ఎవరూ గెలవలేదు. డాక్టరమ్మ కాఫీని మోటారు గట్టు మీద అరటాకు దొప్పలో పోయించుకుని తాగింది. మా ఇంటామె అది చూసి ఏడ్చినంత పని చేసింది.

నీరునాయిలకు వచ్చిన జబ్బు ఏమిటో నాకు అక్కడే, తడి నేల మీద వేలితో గీసి చెప్పింది. ఒక చదునైన పురుగు కార్జంలో, అంటే కాలేయంలో, చేరుతుంది. దాని గుడ్లు పెంటలో బయటికి వస్తాయి. నీళ్ళలో పడితే నత్తలోకి పోతాయి, నత్తలో పెరిగి చేపలోకి, ఆ చేపను పచ్చిగా తిన్న దాని కార్జంలోకి. నీరునాయి తిన్నా అంతే, కుక్క తిన్నా అంతే. అడవిలో తిరిగేదాన్ని పట్టి, కోసి చూడలేం కాబట్టి అది వదిలిపెట్టిన దాన్ని చూస్తే చాలు, జంతువును తాకకుండానే దాని బాగోగులు తెలుస్తాయి అనేది.

“మనిషిని ఎట్లుండావని అడిగితే బాగుండా అంటాడన్నా, లోపల కుళ్ళిపోతా ఉన్నా కూడా. పెంట అట్ల అనదు.” ఇది ఆమె ఎప్పుడూ అనే మాట.

ఆమె ఆ జంతువులను చూడాలని ఎప్పుడూ ఆరాటపడలేదు. ఒకసారి పొదల చాటున కూర్చుంటే కనిపిస్తాయి రమ్మన్నాను. “వద్దన్నా. అవి మనల్ని చూడకుండా ఉంటేనే వాటికి మంచిది” అంది. ఇన్నేళ్ళు వాటి కోసం తిరిగిన మనిషి వాటిని కంటితో చూసింది చాలా తక్కువ. ఒకసారి మాత్రం తల్లి, పిల్లలు బండ ఎక్కుతుంటే మా చేలోంచి చూసింది. ఆ రోజు చేతులు కడుక్కోవడం మరిచిపోయి బస్సెక్కింది.

మొదట్లో పురుగు గుడ్లు కొద్దిగా ఉండేవట. అడవి జంతువుకు అది మామూలే అంది. తర్వాత పెరిగాయి. పైన ఉన్న చెరువును చేపలకు గుత్తకు తీసుకున్న మనిషి, అదే గోడ మీది కాగితంలోని ఆయన, చేపలు కోసిన తలకాయలు, పేగులు తెచ్చి మా మడుగు ఒడ్డున పోయించడం మొదలుపెట్టాకే అట్లా పెరిగాయి. ఊరి కుక్కలన్నీ అక్కడే తిని అక్కడే తిరిగేవి. ఆమె పోయి ఆయనతో మాట్లాడింది. నేనూ పక్కనే ఉన్నాను.

“అప్పా, ఆ పేగులు ఈడ పోయించొద్దు. గుంత తీసి పూడ్చు. సున్నం వెయ్యి.”

“ఏమమ్మా నువ్వు! నీళ్ళలో పుట్టింది నీళ్ళ కాడికే పోతాది. నాలుగు కుక్కలు తింటాయి. పుణ్యం కదా?”

“ఆ కుక్కలు నీళ్ళలోనే ఏరుగుతాయి. తిరిగి నీ చేపకే వస్తాది పురుగు.”

“నా చేపకు పురుగు పెట్టేది నీ నీరునాయి. నువ్వే కదమ్మా కనిపెట్టినావు దానికి పురుగుందని? ఊరంతా చెప్తా ఉండా, డాక్టరమ్మే చెప్పిందని.”

అట్లా ఆమె కష్టపడి తెలుసుకున్నదాన్నే ఆమె మీదికి తిప్పాడు. మరుసటి ఏడు ఆ మడుగును కూడా తనకే గుత్తకు ఇవ్వాలని, వలలు కట్టి నీరునాయిలను రాకుండా చేస్తానని గుత్తలిచ్చే సర్కారు ఆఫీసులో అర్జీ పెట్టాడు. డాక్టరమ్మ అడ్డం నిలబడింది. ఆ మడుగులో అవి బతుకుతున్నాయి, జబ్బుతో ఉన్నాయి, జబ్బు ఎక్కడినుంచి వస్తుందో తేలుతోంది, ఇప్పుడు వలలు కడితే వాటికి పోయే చోటు లేదు అని చెప్పింది. అక్కడి పెద్ద ఆఫీసరు ఆమె డబ్బాలను చూసి, డబ్బాలో ఉన్నది ఏ ఏటిదో ఎవరికి తెలుసు, నేనే వచ్చి బండను చూస్తాను అన్నాడు. ఆ ఒక్క రోజు మీద అంతా ఆధారపడింది. బండ మీద పెంట ఉంటే మడుగు నీరునాయిలది. లేకుంటే గుత్తేదారుది.

నేను ఆ వారం ఆలంగాయంలో మా కూతురి ఇంట్లో ఉన్నాను. మనవరాలికి పెండ్లి మాటలు. ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరి వచ్చాను. మలుపు తిరగక ముందే మేళం వినిపించింది. చేలోకి దిగాక ముక్కుకు బ్లీచింగు వాసన తగిలింది.

ఊరి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తోడి, కొబ్బరి పీచుతో రుద్ది, బ్లీచింగు చల్లి ఆ బండను కడిగారు. కడిగి, గుడి గోడకు కొట్టినట్టు తెల్ల సున్నం, కావి పట్టెలు కొట్టారు. రెండు పక్కల అరటి చెట్లు కట్టారు. నడుమ ముగ్గు వేసి, దాని మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, కుర్చీకి తువ్వాలు కప్పారు. సున్నం ఎవరిచ్చారని అడిగితే గుత్తేదారు అన్నారు. ఆయన తెలిసి ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఊరివాళ్ళు మాత్రం మర్యాదకే చేశారు. అదే నాకు ఎక్కువ మంట.

“పెద్దాయనా, చూస్తివా, ఏరు ఎట్ల మెరస్తా ఉండాదో!” అంది ఒకామె, చేతులకు ఇంకా కావి ఉంది.

“ఎవురు మే కడగమన్నది?”

“ఎవురూ అన్లేదు. అంత పెద్ద దొర వస్తా ఉండాడు. డాక్టరమ్మ ఎప్పుడూ ఆ బండ మీదనే కదా కూర్చునేది? ఈ పొద్దు కూడా ఆ పెంటలోనే కూచోబెట్టేదా? మనూరికి మానం లేదా?”

నేను ఇంకేమీ అనకముందే డాక్టరమ్మ వచ్చింది, ఒళ్ళో మోసుకొచ్చే ఆ మంచుపెట్టెతో. ఒడ్డున నిలబడి చూసింది. చెప్పులు విడిచి బండ మీదికి నడిచింది. పాదాలకు సున్నం అంటుకుంది. వంగి, వేలితో రాసి, వాసన చూసుకుంది. ఆడవాళ్ళందరూ ఆమె మొహమే చూస్తున్నారు, మెచ్చుకుంటుందని.

“బాగా కడిగినారు” అంది. వాళ్ళు సంతోషపడ్డారు.

నేను ఆగలేకపోయాను. గుత్తేదారును, మేళం వాళ్ళను, అందరినీ కలిపి తిట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“గమ్మునుండన్నా. మర్యాదతో చేసినారు.”

“మర్యాదా? ముంచినారు కదమ్మా నిన్ను!”

“మునిగేది నేనైతే పర్వాలేదన్నా. వాసనే వాటికి గుర్తు. ఈడికి వచ్చి ఇల్లు తప్పినామని తిరిగిపోయింటాయి.”

ఆఫీసరు వచ్చాడు. కుర్చీ చూశాడు, పట్టెలు చూశాడు, నీళ్ళు చూశాడు. “ఎన్నమ్మా ఇదు, ఒణ్ణుమే ఇల్లియే?” అన్నాడు అరవంలో. ఏమమ్మా ఇది, ఏమీ లేదే అని. ఆమె జరిగింది చెప్పింది. ఇంకో వారం ఆగి మళ్ళీ రమ్మని అడిగింది. ఆయన చాలా మర్యాదగా తల ఊపి, తనకు చాలా ఊళ్ళున్నాయని చెప్పాడు. గుత్తేదారు ఆమెకు శాలువా కప్పాడు. ఫోటో తీశారు. గోడ మీది కాగితంలో వేసిన చిన్న బొమ్మ ఆ ఫోటోలోంచి కత్తిరించిందే. ఆ రోజు ఆమె మొహంలో ఏముందో ఆ బొమ్మలో కూడా ఉంది, చూసేవాళ్ళుంటే.

జంతువుల జాడ లేదని ఆఫీసరు రాసుకుపోయాడు. వానలు ఆగాక మడుగుకు అడ్డంగా వలలు వచ్చాయి.

ఆమె రావడం మానలేదు. నేను సున్నం గీకేస్తానంటే వద్దంది, మన వాసన ఇంకా ఎక్కువవుతుందని. ఎండకు, వానకు అది రాలిపోయేదాకా చూస్తూ కూర్చుంది. అవి రాలేదు. అప్పటికే ఆమెకు ఆయాసం. ఆఖరుసారి వచ్చినప్పుడు గట్టు దిగలేక మా చేలోనే కూర్చుండిపోయింది. కళ్ళజోడు తుడుచుకుంటూ అంది:

“అన్నా, చచ్చినాయో, పైకి పోయినాయో తెలిస్తే చాలు. పైకి పోయింటే, ఆ పేగుల కంపు లేని నీళ్ళలో వాటి పురుగు తగ్గిందో లేదో ఒక్కసారి చూసుకుంటే చాలు. అది చూడకుండానే పోతానేమో.”

“నువ్వు యాడికి పోతావు? పింఛను ఊరికే వదిలిపెడతావా?” అన్నాను. నవ్వింది. బస్సు దాకా నేనే పట్టుకుని నడిపించాను. మనిషి తూకమే లేదు.

దినాలకు వేలూరు పోయాను. ఆమె తమ్ముడు నన్ను గుర్తుపట్టలేదు, నేనే చెప్పుకున్నాను. “అక్క మీ చేను గురించే చెప్తా ఉండేది” అని నా చేతులు పట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు చెప్పమందట, నా నంబరు ఎవరి దగ్గరా లేదట. అంతలో గుత్తేదారు మైకు పట్టుకున్నాడు. ఆమె తనకు తల్లి లాంటిదన్నాడు. మా మురికి ఏటిని శుభ్రం చేసిన దేవత అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

“ఏమప్పా, ఆమె ఏటిని ఎప్పుడు కడిగింది? కడిగింది నువ్వు. నీ సున్నం.”

“పెద్దాయనా, కూచోండి. ఇది చావు ఇల్లు.”

“తెలుసు. చంపినోళ్ళు మాట్లాడితే నేను మాట్లాడకూడదా?”

ఎవరో నా భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆయన ఆగకుండా ఇంకాసేపు మాట్లాడాడు. భోజనానికి ఆయన నా ఎదురు ఆకు ముందు కూర్చుంటే లేచి ఇంకో వరసకు పోయాను. అన్నం మాత్రం తినే వచ్చాను. అది ఆమె పేరు మీద పెట్టింది.

ఆ తర్వాత నేను ఏటి వెంట పైకి నడవడం మొదలుపెట్టాను. నా మోకాళ్ళు మంచివి కావు, రాళ్ళ మీద కర్ర జారుతుంది. మా ఇంటామె, “డాక్టరమ్మ పిచ్చి నీకు అంటుకునిందా?” అంటుంది. అననీ. మొన్న పొద్దున, కొండలు దగ్గరపడే చోట, వలలకు చాలా పైన, నీళ్ళ పక్క ఒక చదును రాయి మీద చూశాను. పెంట. నల్లగా, మెరుస్తూ, తడిగా. లోపల చేప ముళ్ళు, పొలుసులు. ఆ వాసన మరొక దానికి రాదు. చుట్టూ ఆరినవి కూడా ఉన్నాయి, పాతవి, కొత్తవి. అంటే బతికున్నాయి. ఒకచోట కుదురుకున్నాయి.

ఆ ఆఫీసరు ఆ రోజు మాకందరికీ తన ఆఫీసు నంబరు ఇచ్చిపోయాడు. ఆ రాయి పక్కనే నిలబడి ఫోను చేశాను. ఎవరో పడుచువాడు ఎత్తాడు, తెలుగు తెలిసినవాడే.

“నీరునాయి పెంట దొరికినాది నాయనా. పచ్చిగా ఉండాది. ఎవురినైనా పంపండి, బిరీన.”

“పెంటా? యాడికి చేసినారు పెద్దాయనా ఫోను?”

ఊరు చెప్పాను, మడుగు సంగతి చెప్పాను. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“అవి చూసేవాళ్ళు మా కాడ ఎవురూ లేరు. ఒక రిటైరైన డాక్టరమ్మ చూస్తా ఉండాది, వేలూరులో. ఆమెకు ఫోను చెయ్యండి. నంబరు ఇయ్యల్నా?”

“ఆమె పోయింది నాయనా.”

“అట్లనా? ఎప్పుడు?” అన్నాడు. తర్వాత, “సరే, ఒక ఫోటో తీసి పంపండి, చూస్తాం” అన్నాడు.

నాది బొత్తాల ఫోను. అందులో ఫోటో పడదు.

ఎండ తగిలి ఆరిపోతే ఇక పరీక్షకు పనికిరాదని ఆమె అనేది. పొద్దు కొండ దాటి పైకి వస్తోంది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను, నా నీడ ఆ రాయి మీద పడేట్టు. ఎవరూ రారని నాకు తెలుసు. అయినా నిలబడ్డాను. పొద్దు జరిగేకొద్దీ నేనూ జరిగాను. నీడ కురచై, కురచై, నా కాళ్ళ దగ్గరికి వచ్చేసింది. పెంట అంచు తెల్లబారింది. అప్పటికే చీమలు బారు కట్టాయి. ఒక్కొక్క చీమ ఒక్కొక్క చేప పొలుసును తన మీద నిలువుగా ఎత్తుకుని రాయి దిగుతోంది. పొలుసులు ఎండకు తళుక్కుమంటూ, ఒకదాని వెనుక ఒకటి, గడ్డిలోకి పోతున్నాయి.